చందా అడిగి 21 కిలోమీటర్లు: తిరుపతిలో ఉంటూ మొదటి హాఫ్ మారథాన్‌కు తయారవడం ఎలా

నేను హాఫ్ మారథాన్ పరిగెత్తబోతున్నానని వినగానే బాలాజీ కాలనీలో నేను రోజూ టీ తాగే కొట్టాయన అడిగిన మొదటి ప్రశ్న: "గెలిస్తే ఎంతిస్తారు సామీ?" ఎవరూ ఏమీ ఇవ్వరు, ఎదురు మనమే ఫీజు కట్టి పరిగెత్తాలి అన్నాను. టీ వడపోస్తున్న చెయ్యి ఆగింది. "ఆ పరుగేదో కొండకు పెట్టుంటే పుణ్యమన్నా దక్కేది కదా!"

ఆయన మాట కొట్టిపారేసేది కాదు. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, దారి సుమారు 9 కిలోమీటర్లు. హాఫ్ మారథాన్ 21.0975 కిలోమీటర్లు. దూరం చూస్తే అలిపిరి దారికి రెండింతల పైమాటే, కాకపోతే మెట్లుండవు. మోకాళ్ల పర్వతం దాకా ఎక్కి, ఇక నావల్ల కాదనుకుని, మళ్లీ లేచి నడిచిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ఆ ఒళ్లు 16 వారాల్లో పరుగుకు అలవాటు పడుతుంది. ఈ పరుగు పేరు చెప్పి ఒక ట్రస్టు కోసం పక్కింటాయన తలుపు కొట్టి చందా అడగటం మాత్రం అంత సులువుగా అలవాటు కాదు. నాకు పరుగు కన్నా అదే కష్టమైంది. అందుకే రెండిటినీ కలిపే చెబుతున్నాను, ఏది ఎప్పుడు చెయ్యాలో ఆ వరుసలో.

ముందు క్యాలెండరు తియ్యండి

చాలామంది బూట్ల షాపుతో మొదలుపెడతారు. మీరు తేదీతో మొదలుపెట్టండి. మన దగ్గర ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున ఏడు దాటితే రోడ్డు మీద నిలబడలేం, మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మామూలే. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. దానికి తయారవ్వాలంటే మే, జూన్, జూలై పరిగెత్తాలి. మొదటిసారికి ఆ జోలికి పోవద్దు. చెన్నై మారథాన్ జనవరిలో, పైగా మనకు పక్కూరి లెక్క. సెప్టెంబరు మధ్యలో మొదలుపెడితే 16 వారాలు చేతిలో ఉంటాయి. మధ్యలో అడ్డం వచ్చేది నవంబరు. ఈశాన్య రుతుపవనం వానంతా ఆ రోజుల్లోనే. 2021 నవంబరులో ఊళ్లోకి నీళ్లు ఎట్లా వచ్చాయో ఎవరూ మర్చిపోయి ఉండరు. రెండు వారాలు వానకు పోతాయని ముందే రాసిపెట్టుకోండి, అప్పుడు కంగారుండదు.

పేరు నమోదు చేసుకునే ముందు ఆ రేసుకు ఎంత టైము ఇస్తారో నిబంధనల్లో చదవండి. మూడు గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు పడుతుంది. అది మెల్లటి పరుగే, మధ్యమధ్య నడిచినా అందుతుంది.

ఇంకో పని ఈ వారంలోనే చెయ్యండి. నలభై దాటినా, బీపీ, షుగరు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చినా డాక్టరును కలవండి. ఈసీజీ, హిమోగ్లోబిన్ చూపించుకోండి. ముఖ్యంగా ఆడవాళ్లు హిమోగ్లోబిన్ సంగతి వదిలెయ్యొద్దు. ఒంట్లో రక్తం తక్కువుంటే ఎంత ప్రాక్టీసు చేసినా ఆయాసం తగ్గదు, తప్పేమో మన పరుగులో ఉందనుకుంటాం.

డబ్బు ఎవరి ఖాతాలో పడాలి

ఎవరికోసం పరిగెత్తుతున్నారో కూడా పరుగు మొదలుపెట్టేటప్పుడే తేల్చుకోండి. చిన్న ట్రస్టు అయితే మేలు, మీరిచ్చిన డబ్బు ఎటు పోయిందో కళ్లతో చూడొచ్చు. నేను ఎంచుకున్నది, పిల్లల వైద్యానికి బయట ఊళ్ల నుంచి తిరుపతి వచ్చే తల్లిదండ్రులకు రెండు పూటలా అన్నం పెట్టే ఒక చిన్న ట్రస్టు. మాట ఇచ్చే ముందు రెండు మధ్యాహ్నాలు వెళ్లి వడ్డించాను. సాంబారు చిక్కగా ఉందా నీళ్లగా ఉందా చూస్తే ఆ ట్రస్టు లెక్కలు సగం తెలిసిపోతాయి. మిగతా సగానికి కాగితాలు అడగండి: రిజిస్ట్రేషన్, 80జీ అనుమతి (విరాళమిచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇప్పించేది), పోయిన ఏడాది ఆడిట్ నివేదిక. చూపించడానికి నసిగితే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

80జీ గురించి మీ దాతలు తప్పకుండా అడుగుతారు, కాబట్టి ఈ మూడు ముక్కలు గుర్తుపెట్టుకోండి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ విరాళానికి పన్ను మినహాయింపు రాదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఆ మినహాయింపు. సర్టిఫికెట్ కావాలనుకునేవాళ్లు పాన్ నంబరు ట్రస్టుకు ఇవ్వాలి.

ఇక అమెరికా డబ్బు. మన వీధుల్లో ఇంటికొకరు అక్కడున్నారు, వాళ్లను అడగాలని అందరికీ ఉంటుంది. వాళ్ల దగ్గర ఇండియా పాస్‌పోర్టే ఉంటే ఇబ్బంది లేదు, బ్యాంకు ద్వారా మామూలుగా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం ప్రకారం అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే అది తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే రావాలి. "బావా, నా ఖాతాకు పంపించెయ్, నేను కట్టేస్తాలే" అనే సాయం పొరపాటున కూడా చెయ్యకండి.

అసలు ఎవరి డబ్బూ మీ ఖాతాలోకి రానివ్వొద్దు. ఈ మాట దెబ్బ తిని చెబుతున్నాను. మొదటి వారం నా ఫోన్ నంబరే ఇచ్చాను, తేలికని. పాలవాడి బాకీ, చీటీ డబ్బు, మా బావమరిది పంపిన 2,000 అన్నీ ఒకే ఖాతాలో కలిశాయి. ఆ 2,000 చందానా, అంతకుముందు నేనిచ్చిన చేబదులు తిరిగొచ్చిందా తేల్చుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. అడిగితే ఏమనుకుంటాడోనని అడగలేదు, చివరికి చందా కిందే రాసి నా జేబులోంచి కట్టాను. తర్వాత తెలిసింది, అది చేబదులేనట. ట్రస్టు క్యూఆర్ కోడ్ తీసుకోండి, అదే పంపండి. నగదు ఇచ్చేవాళ్లకోసం ట్రస్టు రసీదు పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకోండి.

పదహారు వారాలు

వారానికి నాలుగు రోజులు చాలు. మూడు రోజులు అరగంట నుంచి ముప్పావుగంట, ఆదివారం ఒక్కటే దూరం పరుగు. మొదటి నాలుగు వారాలు రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఆదివారం 4 కిలోమీటర్లతో మొదలుపెట్టి 5, 6, మళ్లీ 5. తర్వాతి నాలుగు వారాలు 8, 9, 11, 8. ఆ తర్వాత 12, 14, 12, 16. పదమూడో వారం 14, పద్నాలుగో వారం 18, పదిహేనో వారం 10. పదహారో వారం చివర రేసు. మధ్యమధ్య కొన్ని వారాల్లో దూరం తగ్గిందేమని చూస్తున్నారా, కండరాలు కోలుకునేది ఆ వారాల్లోనే. ప్రాక్టీసులో 21 పూర్తి చెయ్యాల్సిన పనిలేదు. 18 పోగలిగినవాళ్లకు మిగతా మూడు కిలోమీటర్లు ఆరోజు జనం చప్పట్ల మీద గడిచిపోతాయి.

వేగం ఎంతుండాలని వాచీని అడగొద్దు. పరిగెడుతూ "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవింద" అని ఒక్క ఊపిరిలో అనగలిగితే మీ వేగం సరిపోయింది. వెంకటరమణా దగ్గర ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్టు. మొదటి రెండు నెలలు ఇంతకన్నా వేరే కొలత వద్దు.

ఎక్కడ పరిగెత్తాలి? ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్ అన్నిటికన్నా మంచిది, చెట్ల నీడ ఉంది, బస్సుల గోల లేదు. ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లు దాటాక క్యాంపస్‌లో చుట్లు తిరిగి తిరిగి విసుగు పుడుతుంది. అప్పుడు జూ పార్కు వైపు రోడ్డు పట్టండి, కొంచెం ఎత్తుపల్లాలు కూడా అలవాటవుతాయి. స్టేషన్ నుంచి అలిపిరి వెళ్లే రోడ్డు మాత్రం వద్దు. తెల్లవారకముందు కూడా అక్కడ యాత్రికుల బండ్లు తగ్గవు, ఊరు కొత్తయిన డ్రైవరు బోర్డు చూస్తాడు గానీ మిమ్మల్ని చూడడు.

శేషాచలం అంచున చీకట్లో ఒంటరిగా పోకండి. యూనివర్సిటీ ఆవరణల్లో చిరుత కనబడిందన్న వార్తలు మీరూ చదివే ఉంటారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి ప్రాణం పోయింది. వెలుగు వచ్చాకే బయల్దేరండి, ముగ్గురు నలుగురు కలిసి పోండి. చిరుత సంగతి దేవుడెరుగు, రోజూ ఎదురయ్యేవి వీధి కుక్కలు. కుక్క వెంటపడితే పరుగు ఆపేసి నడవండి. నా అనుభవంలో నడిచేవాణ్ణి అవి పట్టించుకోలేదు.

మెట్లెక్కడం ప్రాక్టీసు కిందికి వస్తుందా అని చాలామంది అడుగుతారు. నెలకోసారి ఎక్కితే తొడలకు మంచిదే. దిగేటప్పుడు బస్సెక్కండి, మోకాళ్లకు దెబ్బంతా దిగడంలోనే ఉంది. మెట్ల మీద పరిగెత్తడం మాత్రం బాగుండదు. పక్కన ఒకావిడ మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వస్తుంటుంది, మీరు వాచీ చూసుకుంటూ ఆమెను దాటుకుని పోవడం నాకైతే నచ్చదు.

బూట్లు సాయంత్రం పూట కొనండి. నడిచీ నిలబడీ అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలెడు ఖాళీ ఉండాలి, లేకపోతే గోళ్లు నల్లబడి ఊడతాయి. రేసుకు కనీసం మూడు వారాల ముందు నుంచి ఆ బూట్లతోనే పరిగెత్తాలి. కాటన్ బనీను చెమటకు తడిసి చర్మాన్ని గీరేస్తుంది. పది కిలోమీటర్లు దాటే రోజున చంకల్లో, తొడల మధ్య వాజలీన్ రాసుకోండి. మగవాళ్లు ఛాతీ మీద కూడా రాసుకోవాలి. ఎవరూ ముందు చెప్పరు, తెల్ల బనీను మీద రెండు ఎర్ర మరకలు చూశాక తెలుస్తుంది.

తిండి విషయంలో కొత్త పొడులు, డబ్బాలు కొనాల్సిన పనిలేదు. శనివారం రాత్రి రాగి సంగటి, పప్పు తినండి. ఊరిబిండి నంజుకుంటే నంజుకోండి గానీ కారం తగ్గించండి, తెల్లవారుజామున కడుపు మాట వినదు. ఆదివారం లేచాక ఒక అరటిపండో, పల్చటి రాగి జావో చాలు. గంట దాటి పరిగెత్తే రోజు దారిలో ఒక పల్లీ చిక్కీ ముక్క. వచ్చాక ఉప్పేసిన మజ్జిగ. చెమట బాగా పట్టేవాళ్లు ఓఆర్‌ఎస్ కలుపుకోండి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్నే పొయ్యండి. వట్టి నీళ్లు అదేపనిగా తాగడమూ ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోయి తల తిరుగుతుంది, వాంతులవుతాయి, మనిషి పడిపోవచ్చు కూడా. దాహమైనప్పుడు తాగండి, అంతే.

నొప్పుల సంగతి ఒక్క మాట. రెండు కాళ్లూ సమానంగా నొప్పెడితే అది పరుగు నొప్పి, రెండు రోజుల్లో పోతుంది. ఒకే చోట, ఒకే కాలికి, పరిగెత్తేకొద్దీ పెరిగేది వేరు. దానికి విశ్రాంతి ఇవ్వండి, వారంలో తగ్గకపోతే చూపించుకోండి. ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం వస్తే ఆ క్షణమే ఆపెయ్యాలి, ఎవరికి ఏ మాట ఇచ్చి ఉన్నా సరే.

అడగటం

చందా అన్న మాట వినగానే మనవాళ్లకు గుర్తొచ్చేది వినాయక చవితి కుర్రాళ్లు. రసీదు పుస్తకం, వెనక పదిమంది, "అన్నా, పోయినసారి ఐదొందలిచ్చారు" అనే గదమాయింపు. మేలో గంగమ్మ జాతరకు మళ్లీ ఒక చుట్టు. జనం ఇస్తారు, తలుపు వేసుకుని విసుక్కుంటారు. మీరు అడిగేటప్పుడు ఆ విసుగు కూడా మీ వాటాకు వస్తుందని తెలిసి అడగండి. చవితి చందా ఇచ్చి నెల కూడా కాని ఇంటికి అక్టోబరులో పోవద్దు. దీపావళి ఖర్చు అయిపోనివ్వండి. డిసెంబరు మొదటి వారం, జీతాలు పడ్డ రోజుల్లో మొదలుపెట్టండి. అప్పటికి మీరు 14 కిలోమీటర్లు పరిగెత్తి ఉంటారు. ముఖంలో, మాటలో ఆ సంగతి తెలుస్తుంది.

ముందు మీ వంతు మీరు వెయ్యండి. సున్నా ఉన్న లెక్కలోకి మొదటి నోటు వేసేవాడు దొరకడు. తర్వాత ఒక కాగితం మీద అరవై పేర్లు రాయండి. గ్రూపులో ఒకేసారి పెట్టిన మెసేజ్‌కు చేతులు జోడించిన బొమ్మలు తప్ప పైసా రాదు. ఒక్కొక్కరికి విడిగా, పేరు పెట్టి పంపాలి. నేను పంపింది ఇట్లా ఉండేది:

"అన్నా, జనవరిలో చెన్నైలో 21 కిలోమీటర్లు పరిగెత్తుతున్నాను. నాకు 43 ఏళ్లు, ఇదివరకు బస్సు కోసం తప్ప పరిగెత్తింది లేదు. పిల్లల వైద్యానికి మన ఊరొచ్చే తల్లిదండ్రులకు అన్నం పెట్టే ట్రస్టు కోసం ఇది. నిన్ను కిలోమీటరుకు యాభై చొప్పున అడుగుతున్నా. డబ్బు నాకు వద్దు, నేరుగా ట్రస్టు ఖాతాకే. రేసు ఫీజు, బూట్లు, రైలు టికెట్ నా ఖర్చే. కుదరకపోతే కుదరదని చెప్పు, ఏమీ అనుకోను."

ఇందులో ప్రతి వాక్యానికీ పనుంది. ఖర్చులు నావేనన్న వాక్యం మొదట్లో రాయలేదు. ఒక స్నేహితుడు మొహమాటం లేకుండా అడిగాడు: "నీ బూట్లకు నేనెందుకియ్యాలి?" మిగతావాళ్లు అడక్కుండా మనసులో అనుకుని ఉంటారు. చివరి వాక్యం తీసెయ్యాలనిపిస్తుంది, తియ్యకండి. కాదనే దారి ఉంచితేనే మనిషి రేపు మన ముఖం చూసి పక్క సందులోకి తిరగడు.

కిలోమీటరుకు యాభై అంటే 1,050 అవుతుంది. మనవాళ్లు 1,050 ఇవ్వరు. "సున్నాతో ముగించడమేమిటి" అని 1,116 వేస్తారు. ఆ 66 మీరు అడక్కుండానే వస్తుంది. తక్కువ ఇవ్వగలిగినవాళ్లకు 116 అని, 516 అని నోరారా చెప్పండి, అప్పుడు చిన్న మొత్తం ఇవ్వడానికి ఎవరికీ సిగ్గనిపించదు.

కొర్లగుంటలో ఉండే మా పెద్దమ్మకు ఫోన్‌లో డబ్బు పంపడం రాదు. నేను అడగలేదు, మా అమ్మ చెప్పిందట. పిలిపించి, బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక ప్లాస్టిక్ కవరు బయటికి తీసింది. వంద, పది, ఐదు, పైన ఒక రూపాయి బిళ్ల. నోట్లకు అంటిన బియ్యప్పిండి దులిపి ఇచ్చింది. "కింద పడకు నాయనా." రసీదు రాసిస్తే మడిచి స్వామి పటం వెనక పెట్టుకుంది. ఆ రసీదు నంబరు నాకు ఇప్పటికీ గుర్తే.

ఎవరిని అడక్కూడదో కూడా చెప్పాలి. మీ కింద పనిచేసేవాళ్లను అడక్కండి, వాళ్లు కాదనలేరు. యాత్రికులను అడక్కండి. స్వామి బొమ్మ పెట్టి అడక్కండి, మన ఊళ్లో ఆ పేరుతో మోసపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. జబ్బుపడ్డ పిల్లల ముఖాలు ఫొటో తీసి పంపకండి. నేను వంటగదిలో సాంబారు డేగిసా ఫొటో పంపాను, దానికే బాగా స్పందన వచ్చింది.

గుర్తు చెయ్యడం రెండుసార్లు చాలు. 18 కిలోమీటర్లు పరిగెత్తిన రోజు ఒకసారి, రేసు ముగిసిన సాయంత్రం ఒకసారి. "నిజంగా పరిగెత్తుతాడా చూద్దాం" అని ఆగినవాళ్లు ఆ రెండోసారికి ఇస్తారు.

ఆ రోజు

ముందురోజే చెన్నై చేరండి. పరుగులో చొక్కాకు తగిలించుకునే నంబరు కాగితం ముందుగానే తీసుకోవాలి, అది ఇచ్చే చోటును ఎక్స్‌పో అంటారు, అక్కడ గంటలు గంటలు తిరిగి కాళ్లు నొప్పి చేసుకోవద్దు. రాత్రి నిద్ర పట్టదు, పర్లేదు, అంతకుముందు రాత్రి పడుకుని ఉంటే చాలు. పొద్దున నెయ్యి పొంగలి వాసన ఎంత పిలిచినా పరుగు ముగిసేదాకా అటు చూడకండి. మీరు ప్రాక్టీసులో తిన్నదే తినండి.

మొదటి మూడు కిలోమీటర్లు అందరూ మిమ్మల్ని దాటుకుని పోతారు. పోనివ్వండి. జనవరి అయినా సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, మన ఊరి చెమటలా తొందరగా ఆరదు. నీళ్లు ఇచ్చే ప్రతిచోటా నడుస్తూ తాగండి, పరిగెడుతూ తాగితే సగం ముక్కులోకి పోతాయి. పదహారో కిలోమీటరు దగ్గర కాళ్లు బరువెక్కుతాయి. నేను అక్కడి నుంచి కిలోమీటరుకు ఇద్దరు దాతల పేర్లు పెట్టుకున్నాను, మా పెద్దమ్మకు చివరి కిలోమీటరు. గీత దాటగానే కూలబడకండి, పది నిమిషాలు నడవండి, ఒళ్లు తుడుచుకుని పొడి చొక్కా వేసుకోండి. పొంగలి ఇప్పుడు.

తర్వాతి వారం

లెక్క వారంలోపు ఇచ్చెయ్యండి. ఎంతమంది ఇచ్చారు, మొత్తం ఎంత, ట్రస్టు దానితో ఏం కొంటుంది, ఒక పేజీలో. ఎవరెంత ఇచ్చారో మాత్రం వద్దు, 116 ఇచ్చినావిడ పక్కన 11,116 రాసి ఎవరినీ చిన్నబుచ్చకూడదు. సర్టిఫికెట్ అడిగినవాళ్ల పేర్లు, పాన్ నంబర్లు ట్రస్టుకు అప్పుడే అప్పగించండి, ఆర్థిక సంవత్సరం చివర్లో వెతుక్కుంటే దొరకవు. ఇవ్వనివాళ్లకు మళ్లీ ఏమీ పంపొద్దు.

టీ కొట్టాయనకు ఆ పేజీ చూపించాను. మొత్తం దగ్గర వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. "ఇంతా పరిగెత్తినందుకేనా?" అని, గల్లా పెట్టెలోంచి 116 తీసిచ్చాడు. రసీదు పుస్తకం ట్రస్టుకు తిరిగిచ్చేసి రెండు రోజులైంది, మళ్లీ పోయి తెచ్చాను. కాబట్టి పుస్తకం నెలాఖరు దాకా మీ దగ్గరే ఉంచుకోండి.

సోమవారం మెట్లు దిగాల్సివస్తే పక్కకు తిరిగి, రెయిలింగ్ పట్టుకుని దిగండి. బాగా ముగిస్తే కొండకు నడిచి వస్తానని మొక్కుకుని ఉంటే ఆ వారమే బయల్దేరకండి. పది రోజులు ఆగండి, స్వామి ఎక్కడికీ పోడు.